ఓడ విందులో మారు వడ్డన

మా పాప బరువు ఆరు నెలలుగా పన్నెండు కిలోల దగ్గరే ఆగిపోయిందని క్లినిక్‌లో నర్సు చెప్పిన వారమే, వందేళ్ళ కిందటి ఓడల్లో పెట్టిన భోజనం మనం పెట్టబోతున్నామని కాలేజీలో మా చెఫ్ ప్రకటించారు. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని అప్పుడెవరైనా చెబితే నవ్వేదాన్ని. నిజానికి ఆ వారం నేను నవ్వే స్థితిలో లేను.

"వర్రీ అవ్వాల్సిందేం లేదు. రెండు నెలల తర్వాత మళ్ళీ ఒకసారి చూద్దాం" అంది నర్సు.

వర్రీ అవ్వక్కర్లేకపోతే మళ్ళీ చూడటం దేనికి? కారులో ఇంటికి వస్తూ మా ఆయన్ని అదే అడిగాను.

"బాగుందని కన్ఫర్మ్ చేసుకోడానికి" అన్నాడు.

"బాగాలేదని కన్ఫర్మ్ చేసుకోడానికి కూడా అలాగే పిలుస్తారు."

"మేడమ్, గ్రీన్ లైట్ పడింది. ఇప్పుడు డ్రైవ్ చెయ్యమంటావా, ఆలోచించమంటావా?"

ఆయన నన్ను మేడమ్ అనడానికి కారణముంది. మేము కెనడాలోని విండ్సర్‌కి వచ్చింది నా చదువు మీద. స్టడీ పర్మిట్ నాది, దాని వెనక వచ్చిన వర్క్ పర్మిట్ ఆయనది. రాజమండ్రిలో డిగ్రీ చేసి, పెళ్ళై, పాప పుట్టాక, ముప్ఫై దాటిన వయసులో హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో చేరాను. ఆయన కార్ల విడిభాగాల ప్లాంట్‌లో మధ్యాహ్నం షిఫ్ట్. నేను క్లాసు నుంచి వచ్చేసరికి ఆయన బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉండేవాడు. పాపనీ కారు తాళాలనీ చేతులు మార్చుకునేవాళ్ళం. అప్పుడు మేము మాట్లాడుకునే మాటలు రెండే. "తిన్నదా?" "ఎంత?"

పాప తినదు. మూడేళ్ళ పిల్ల. ఆడుతుంది, గెంతుతుంది, సోఫా మీంచి దూకుతుంది, కానీ తినదు. నేను గిన్నె పట్టుకుని వెనకపడేదాన్ని. కిచెన్‌లో ఒక ముద్ద, కిటికీ దగ్గర ఒక ముద్ద, బాత్ టబ్‌లో ఒక ముద్ద. మా అమ్మ నాకు చందమామని చూపించి పెట్టిందట. ఇక్కడ చలికాలమంతా మబ్బే కాబట్టి నేను మంచు ఊడ్చే బండిని చూపించేదాన్ని. "అదిగో స్నో ప్లో వచ్చింది, నోరు తెరువు, ఆ..." పాప నోరు తెరిచి, "నో" అనేది. ఆ 'నో' బయటికి వస్తున్న సందులోంచి ముద్ద లోపలికి పంపడంలో నాకు మంచి నైపుణ్యం ఉండేది. కూర్చోబెట్టి పెడితే మాత్రం కంచాన్ని రెండు చేతులతో దూరంగా నెట్టేసేది. నున్నటి బల్ల మీద కంచం జర్రున జారి అవతలి అంచుకి వెళ్ళేది. నేను ఇటు లాగేదాన్ని, తను అటు నెట్టేది. పప్పన్నం మధ్యలో ప్రయాణాలు చేసేది.

కాలేజీలో ఆ రోజుల్లో ఏ వరండాలో నిలబడ్డా తెలుగే వినిపించేది. మా క్లాసులో సగం మంది మనవాళ్ళే. అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ళ వాళ్ళు. నన్ను అక్కా అనేవాళ్ళు. ఓడ విందు కోసం చెఫ్ నన్ను నాలుగు టేబుళ్ళకి పెద్దగా వేసి, నా కింద ఇద్దరిని ఇచ్చారు. ఒకరు భీమవరం అమ్మాయి, ఒకరు కరీంనగర్ అబ్బాయి. టర్మ్ మార్కుల్లో సగం ఆ ఒక్క సాయంత్రం మీదే.

చెఫ్‌కి అరవై దాటి ఉంటాయి. ఆయన తాతగారు ఇంగ్లండ్ నుంచి ఇక్కడి హాలిఫాక్స్ రేవుకి వచ్చే పెద్ద ఓడల్లో వడ్డించేవారట. ఆయన దాచిన ఒక మెనూ కార్డు అంచులు పసుపెక్కి చెఫ్ దగ్గర ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి క్లాసంతా తిప్పారు. ఒకదాని తర్వాత ఒకటిగా పది కోర్సులు. కరీంనగర్ అబ్బాయి వేలు పెట్టి లెక్కపెట్టి, నా వైపు వంగాడు.

"ఇదేంది అక్కా, చేప ముక్క ఒక్కటి, చికెన్ ముక్క ఒక్కటి, మటన్ ముక్క ఒక్కటి. పది సార్లు తెచ్చుడు, పది సార్లు తీసుడు. మా ఇంట్ల ఇదంత ఒక్క ప్లేట్ల ఏసిస్తరు."

"మధ్యలో ఐస్ కూడా ఉంది చూడు" అంది భీమవరం అమ్మాయి. "మటన్ అయ్యాక ఐస్, ఐస్ అయ్యాక మళ్ళీ మాంసం. జలుబు చెయ్యదా?"

చెఫ్ చెప్పిన సంగతులు నాకు విచిత్రంగా ఇంట్లో మాటల్లాగే వినిపించేవి. జనం ఎక్కువై ఒకేసారి కూర్చోలేనప్పుడు ఓడలో భోజనం రెండు విడతలుగా పెట్టేవారట. మా దగ్గర దాన్నే మొదటి బంతి, రెండో బంతి అంటాం. బంతికి పిలవడానికి బూర ఊదేవారట. కింది అంతస్తులో మూడో తరగతి వాళ్ళకి పొడవాటి బల్లలు, గంజిలాంటి ఓట్స్ జావ, ఉప్పు చేప, ఉడికించిన బంగాళాదుంపలు. పై అంతస్తులో పదకొండు గంటలకి, డెక్ మీద కుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని పడుకున్న దొరలకి కప్పుల్లో వేడి వేడి మాంసం రసం. సముద్రానికి కడుపులో తిప్పినవాళ్ళకి అదే మందు. ఆ రసం కాచి, గుడ్డు తెల్లసొనతో తేర్చి, గుడ్డలో వడకట్టి, అడుగున నాణెం వేస్తే కనబడేంత తేటగా చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. భీమవరం అమ్మాయి చెంచాతో రుచి చూసింది.

"అక్కా, ఇది చారే కదా. పోపు మర్చిపోయావు."

నాకు అన్నిటికన్నా నచ్చింది బల్లగుడ్డ సంగతి. సముద్రం పోటెత్తి ఓడ ఊగే రోజుల్లో వడ్డించే ముందు బల్లగుడ్డ మీద నీళ్ళు చిలకరించేవారట. చెఫ్ అది చేసి చూపించారు. తెల్లగుడ్డని తడిపి, మీద పింగాణీ పళ్ళెం పెట్టి, బల్లని ఒక పక్కకి ఎత్తారు. పళ్ళెం కదల్లేదు. ఇంకా ఎత్తారు. అయినా కదల్లేదు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేను మాత్రం చెయ్యెత్తి వేరే ప్రశ్న అడిగాను.

"చెఫ్, ఓడలో పిల్లలు తినకపోతే ఏం చేసేవారు?"

"పిల్లలకి పెద్దవాళ్ళకంటే ముందే వేరే పెట్టేవారు."

"అది సరే. తినకపోతే?"

ఆయన బల్లని కిందికి దించుతూ, "తెల్లారి బ్రేక్‌ఫాస్ట్ ఉండేది కదా" అన్నారు.

ఆ జవాబుకి ఆయన మీద నాకు ఒక రోజంతా కోపం. మనిషికి పిల్లలు లేరేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, నలుగురట.

విందు రోజు మా ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. నేను తెల్ల కోటు, నల్ల ప్యాంటు వేసుకుని, రూలు ఒప్పుకోకపోయినా ఫోన్ లోపలి జేబులో దాచుకుని వెళ్ళాను. ఆరు గంటలకి సంగీతం చదివే విద్యార్థి ఒకతను బూర ఊదాడు. ఊళ్ళో రిటైరైన పెద్దవాళ్ళు టికెట్లు కొనుక్కుని, ముత్యాల దండలూ బో టైలూ పెట్టుకుని వచ్చారు. సూప్ బాగా నడిచింది. నా తేట చారు తాగి ఒకావిడ కళ్ళు మూసుకుంది. జేబులో ఫోన్ వణికింది. వంటగది మూల తిరిగి చూశాను. 'రెండు ముద్దలు' అని ఉంది. రెండంటే సాయంత్రం మొత్తానికి రెండా, ఇప్పటికి రెండా? అడుగుదామంటే చేప వచ్చేసింది.

ఆ కాలం పద్ధతిలో చేపని పళ్ళేల్లో పెట్టి పంపరు. పెద్ద వెండి పళ్ళెంలో ముక్కలన్నీ పేర్చి తెస్తారు. మనం దాన్ని ఎడమ చేతిలో పట్టుకుని, మనిషికి ఎడమ పక్క నిలబడి, చెంచా ఫోర్కు కలిపి పట్టుకుని ఒక్కో ముక్క వడ్డించాలి. పెళ్ళి బంతిలో లడ్డూ బుట్ట పట్టుకుని తిరిగే మా పెదనాన్న గుర్తొచ్చాడు. చేయి దానంతటదే చురుకైంది.

మొదటి టేబుల్ దగ్గర ఒక పెద్దాయన. నేను చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆయన పళ్ళెం అద్దంలా ఉంది.

"అద్భుతంగా ఉంది" అన్నారు నన్ను చూసి.

తిన్న మనిషి ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని, బాగుందని కూడా అన్నాక, చేతిలో పళ్ళెం నిండా చేప పెట్టుకుని ముందుకి వెళ్ళిపోవడం నావల్ల కాలేదు.

"కొంచెం వేసుకోండి సార్."

"అబ్బే, వద్దమ్మా, చాలు."

వేశాను. ఆయన నవ్వి తినేశారు. పక్కన ఆయన భార్య రెండు చేతులూ పళ్ళెం మీద అడ్డం పెట్టి, "నాకొద్దు, నిజంగా వద్దు" అంది. ఆ చేతులు అడ్డం పెట్టడం చూశాక నాకు ఇంక అనుమానమే లేదు. మా ఊళ్ళో విస్తరి మీదికి వంగి చేతులు అడ్డం పెట్టేది ఇంకో గరిటె పడాలనే. వేళ్ళ సందులోంచి ముక్క జారవిడిచాను. నా వాళ్ళిద్దరూ నన్ను చూశారు. అక్క చేసిందంటే అదే పద్ధతి అనుకున్నారు. ఇంకేముంది, మారు వడ్డన మొదలైంది.

"అంకుల్, ప్లీజ్, వన్ మోర్" అంటూ కరీంనగర్ అబ్బాయి ఒకాయన భుజం మీద దాదాపు చెయ్యి వేశాడు. భీమవరం అమ్మాయి ఒకావిడతో, "మీరు సరిగ్గా తినట్లేదు ఆంటీ" అంటోంది. ఆవిడ సంతోషంతో ఎర్రబడి తింటోంది. మూడు టేబుళ్ళు కళకళలాడిపోయాయి. నాకు గర్వంగా ఉంది.

అప్పుడు అబ్బాయి వచ్చి నా చెవిలో అన్నాడు. "అక్కా, చేప ఖతం. నాలుగో టేబుల్ మొత్తం మిగిలింది."

ఆ టేబుల్‌కి ఆరుగురు. పళ్ళెం వంచి చూశాను, దోసకాయ చక్రాలు నాలుగు ఉన్నాయి. వంటగదిలోకి వెళ్ళాను. చెఫ్ అక్కడే ఉన్నారు. చెప్పేశాను. ఆయన అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది.

"తలకి ఒకటి లెక్క. ఎక్కడికి పోయాయి?"

"ఇంకో ముక్క వేశాను, చెఫ్."

"వాళ్ళు అడిగారా?"

"లేదు."

"నువ్వు అడిగితే ఏమన్నారు?"

"వద్దన్నారు."

"వద్దంటే ఎందుకు వేశావు?"

నేను నిజమే చెప్పాను. "ఒక్కసారే అన్నారు, చెఫ్."

ఆయన నా వెనక నిలబడ్డ ఇద్దరి వైపు చూశారు. భీమవరం అమ్మాయి నన్ను కాపాడబోయి, "మూడు సార్లు అంటేనే మాకు లెక్క, చెఫ్. ఒకసారి అన్నది మర్యాదకి" అంది ఇంగ్లీషులో. "ఒక్కసారికే ఆపేస్తే మా ఇంట్లో వాళ్ళు అలిగి వెళ్ళిపోతారు."

చెఫ్ వైన్ సీసా అందుకున్నారు. నాలుగో టేబుల్‌కి ఇంకో గ్లాసు వైన్ పంపి, వాళ్ళకి చేప కోర్సు లేకుండానే చికెన్ మొదలుపెట్టించారు. నేనే ఆ టేబుల్‌కి వెళ్ళి సారీ చెప్పాను. వాళ్ళు, "ఫర్వాలేదు, ఓడలో చేపలు అయిపోవడం వింతే" అని నవ్వారు.

అసలు దెబ్బ అక్కడ లేదు. మటన్ వచ్చేసరికి నా మొదటి మూడు టేబుళ్ళూ కుర్చీల్లో వెనక్కి వాలిపోయాయి. ఐస్ తర్వాత వచ్చిన రోస్టు మాంసమైతే ముట్టుకోనే లేదు. చేతులు అడ్డం పెట్టినావిడ ఈసారి నన్ను చూడగానే పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. పెద్దాయన కోటు గుండీ విప్పుకుని, ఐస్ కరుగుతుండగా చిన్న కునుకు తీశారు. చేప అందని నాలుగో టేబుల్ మాత్రం చివరి చీజ్ ముక్కదాకా తిని, కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంది.

అంతా అయ్యాక చెఫ్ నన్ను గిన్నెలు కడిగే చోటికి పిలిచారు. తిరిగొచ్చిన పళ్ళేల్లో రెండు దొంతరలు పక్కపక్కన పెట్టించారు. ఒక పక్క రోస్టు, పుడ్డింగు, తోటకూర కాడల్లాంటి ఆస్పరాగస్ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇంకో పక్క ఖాళీ పళ్ళేలు.

"ఈ ఖాళీవి ఏ టేబుల్‌వో తెలుసా?"

తెలుసు.

"మా తాత చెప్పేవాడు. వడ్డించడం ఎవరైనా చేస్తారు, తీసుకెళ్ళడం చేతనవ్వాలి. ఇంకొక్క ముద్ద ఉంటే బాగుండుననుకునేటప్పుడు పళ్ళెం తీసేయాలి. నువ్వు వాళ్ళకి ఒక్క చేప ముక్క ఎక్కువ పెట్టి, ఐదు కోర్సులు తక్కువ పెట్టావు."

మార్కులు మాత్రం పాస్‌కి తగ్గకుండా వేశారు. కాగితం మీద, 'అతిథులు ఈమెను చాలా ఇష్టపడ్డారు. పారిపోలేకపోయారు' అని రాశారు.

ఇంటికి వెళ్ళగానే అడిగాను. "తిన్నదా? ఎంత?"

"రెండు ముద్దలు తను తిన్నది, మూడోది సోఫా తిన్నది" అన్నాడు మా ఆయన. "నీ ఓడ ఏమైంది?"

"మునగలేదు, ఆగిపోయింది."

జరిగింది చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వుతూనే సోఫా తుడుస్తూ ఉన్నాను. ఎండిన పప్పు గీకుతుంటే ఒక లెక్క తట్టింది. పాప ఒక పూటకి ఎన్ని 'నో'లు అంటుంది? మూడు దాటి చాలా ఉంటాయి. మూడు సార్లు అంటే లెక్క అన్న మా ఊరి రూలు కూడా నేను పాటించట్లేదు. పాప పుట్టి ఘనాహారం మొదలుపెట్టిన నాటి నుంచి, దాని ముందున్న కంచాన్ని అది ఖాళీ కాకుండా నేను ఒక్కసారి కూడా తీయలేదు.

శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఓడ బయల్దేరింది. చిన్న బల్ల మీద పాత తువ్వాలు పరిచి, పాప చేత్తోనే నీళ్ళు చల్లించాను. గ్లాసు మీద చెంచాతో టింగుమని కొట్టాను. సాసర్లు ఐదు. మొదటిది చిన్న స్టీలు గ్లాసులో చారు, రెండు గుక్కలంత. రెండోది ఉడికిన గుడ్డులో పావు ముక్క. మూడోది నిమ్మకాయంత నెయ్యి పప్పన్నం. నాలుగోది చెంచాడు పెరుగు. ఐదోది కమలా తొనలు.

చారు పెట్టగానే పాప అలవాటుగా రెండు చేతులతో సాసర్‌ని నెట్టింది. అది కదల్లేదు. మళ్ళీ నెట్టింది. బల్ల కింద వంగి చూసింది. తర్వాత నన్ను చూసి, "నో" అంది.

ఒకటి.

తీసేశాను. మా ఆయన నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపాను. గుడ్డు పెట్టాను. "నో." తీసేశాను. పాప ఆ సాసర్ వెళ్ళిన దిక్కునే చూస్తూ ఉండిపోయింది. ఇంతవరకూ ఏదీ అలా వెళ్ళిపోలేదు మరి. పప్పన్నం పెట్టాను. వేలితో కొంచెం నాకింది. ఒక చిటికెడు, ఇంకో చిటికెడు నోట్లో పెట్టుకుంది. మూడో చిటికెడు వేళ్ళ మధ్య ఉండగా, చెఫ్ తాతని తలుచుకుని, సాసర్ ఎత్తేశాను.

"హే!" అని అరిచింది. "మమ్మీ! దట్స్ మైన్!"

"కోర్స్ అయిపోయింది మేడమ్. తర్వాత పెరుగు."

"నో పెరుగు! బ్రింగ్ ఇట్ బ్యాక్! మోర్!"

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆ మాట మా ఇంట్లో అప్పటిదాకా బిస్కెట్ల గురించి కూడా వినలేదు. ఓడ రూలు ప్రకారం ఇవ్వకూడదు. కానీ అడిగిన మారు వేరు, అంటగట్టిన మారు వేరు. సాసర్ వెనక్కి తెచ్చి, ఇంకో నిమ్మకాయంత వడ్డించాను. ఎడమ పక్క నుంచే.

అన్ని పూటలూ ఇలా జరిగాయని చెప్పను. కొన్ని రోజులు ఐదు సాసర్లూ వెళ్ళినట్టే తిరిగొచ్చాయి, అప్పుడు నేను సింక్ దగ్గర నిలబడి, గిన్నె పట్టుకుని వెనక పరిగెత్తకుండా కాళ్ళు బిగబట్టుకుని, తెల్లారితే బ్రేక్‌ఫాస్ట్ ఉందని నాకు నేనే చెప్పుకున్నాను, ఆ తిరిగొచ్చినవన్నీ నేనే తిన్నాను. బరువు పెరిగింది ముందు నేను. పాపకి తినడం కన్నా తీయడం ఎక్కువ నచ్చింది. ఒకరోజు నా కంచంలో సగం అన్నం ఉండగానే వచ్చి, రెండు చేతులతో ఎత్తుకుని, "ఆల్ డన్, మేడమ్?" అని సింక్ వైపు నడిచింది. నేను మాగాయతో ఇంకో ముద్ద కలుపుకుందామనుకుంటున్నాను. "అయిపోయింది" అన్నాను. మా ఆయన తన కంచం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. క్లినిక్‌కి వెళ్ళే ముందురోజు భీమవరం అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, బరువు చూసేటప్పుడు జేబులో రెండు కమలాలు పెట్టు" అంది. కరీంనగర్ అబ్బాయి వెనక నుంచి, "చేప పెట్టు అక్కా, ఒకటి ఎక్కువ" అని అరిచాడు.

పాపని బూట్లు విప్పి త్రాసు మీద నిలబెట్టారు. నేను మా ఆయన జాకెట్ పట్టుకున్నాను. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి ఆగాయి. పన్నెండు కిలోల ఐదు వందలు.

"గుడ్. ఇలాగే కానివ్వండి" అంది నర్సు, రాసుకుంటూ.

"సరిగ్గా నిలబడిందా? ఏమైనా పట్టుకుందా? ఇంకొక్కసారి చూస్తారా?"

"అక్కర్లేదు" అందావిడ.

ఒక్కసారే అంది. నేను వంగి పాపకి బూట్లు తొడిగాను.